చెవిటమ్మకు పుట్టువెంట్రుకలు

కంచాపాటా గని శిబిరం
19 జనవరి 1987

ఇందుమూలముగా సమస్త ప్రజలకు, కుక్కలకు, లామాలకు తెలియజేయడమేమనగా, కంచాపాటాలో మిగిలిన ముప్పై ఒక్క కుటుంబాల మహాసభ నిన్న ఆదివారం సమావేశమై, దోన్యా కసిమిరా గారి ఎర్రకోడి, చెవిటమ్మ అను రేడియో ట్రక్కు యొక్క డ్రైవరు సీటులో పెట్టిన గుడ్డు కోడికి చెందునా, సీటుకు చెందునా అన్న గంభీర విషయమై రెండు గంటలు చర్చించి, సదరు గుడ్డును వేయించి సభాధ్యక్షులు దోన్ తెయోదోసియో గారును, కోడి యజమానురాలును చెరిసగము తినవలెననియు, వాసన మాత్రము ప్రజలందరికీ సమానముగా చెందుననియు తీర్మానించడమైనది. ఇకపై కోడి ట్రక్కెక్కునప్పుడు ముందుగా తలుపు తట్టవలెను.

అక్కా, తీర్మానం రాసింది నేనే. అయిదో తరగతి చదువుకు ఇంతకంటే మంచి భాష రాదు. నవ్వావా? నవ్వి ఉంటే మిగతాది చదువు.

ఉత్తరాలు తెచ్చే లారీకి కొత్త డ్రైవరు వచ్చాడు. రేడియో బండికి చెవిటమ్మ అని పేరేమిటని అడిగాడు. మొదట్లో లోపల కూర్చుని మా అక్క ఎంత గట్టిగా అరిచినా అవతలివాళ్ళు మళ్ళీ చెప్పమనేవారు, తిక్కపుట్టి ఆవిడే ఆ పేరు పెట్టింది అన్నాను. అక్కడితో ఊరుకోలేదు. యాభై రెండు తిరుగుబాటులో సైనికులు దాన్ని వాగులో వదిలి పరిగెత్తితే మన నాన్నతో కలిపి నలభై మంది తాళ్ళు కట్టి కొండెక్కించారని, జనరళ్ళ కాలంలో రెండుసార్లు వెతుక్కుంటూ వస్తే గని నోట్లోకి తోసి ముందు లామాల పెంట పోశామని, ముప్పై నాలుగేళ్ళు సాయంత్రం ఆరింటికి కొండమీద నీ గొంతే మోగిందని చెప్పాను. టోపీ తీశాడు. బండికి తీశాడో నీకు తీశాడో అడగలేదు.

ఇప్పుడు అసలు సంగతి. సైన్యం వాళ్ళు జాబితా వేశారట. గని మూసేశారు కాబట్టి ఇక్కడున్న పాత సామాను అంతా "యజమాని లేని వస్తువు" అట. అందులో చెవిటమ్మ కూడా ఉంది. తీసుకుపోయి పట్నంలో రంగువేసి నిలబెడతారట, పిల్లలు చూడటానికి.

నువ్వు వెళ్ళాక కరెంటు తీసేశారు. చెవిటమ్మ ఇంజను తిప్పి బ్యాటరీ ఎక్కించుకుని రోజుకు పావుగంట మాట్లాడుతున్నాం. నీ గొంతు కాదు, నాది. జనం ఓర్చుకుంటున్నారు. కిందటి నెల ఫెలీసాకు బిడ్డ అడ్డం తిరిగింది. చెవిటమ్మలోంచే కింది ఆసుపత్రికి కేకవేశాను. జీపు వచ్చింది, పిల్ల బతికింది, తల్లి బతికింది. ఇక్కడి నుంచి టెలిఫోను అయిదు గంటల నడక. అయిదు గంటలు నడిచి ఉంటే ఏమయ్యేదో నీకు చెప్పక్కర్లేదు. చెవిటమ్మ పోతే ఈ ముప్పై ఒక్క కుటుంబాలు కూడా మూటలు కట్టుకోవాలి.

రేడియో కమిటీ కార్యదర్శివి నువ్వు. పుస్తకం, సీలు నీ దగ్గరే ఉన్నాయి. "ఇది యజమాని లేని బండి కాదు, వాడుకలో ఉంది" అని ఒక్క కాగితం రాసి సంతకం చేసి పంపు. కార్నివాల్ లోపు కావాలి. లూకాస్ బావను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
సెవెరో


కొచబాంబా, దక్షిణ శివారు
1 ఫిబ్రవరి

ఒరేయ్ సెవెరో,

గుడ్డు తీర్మానం చదివాను. పక్కింటావిడకు చదివి వినిపించాను. ఆవిడ కూడా గని మనిషే, వేరే శిబిరం. నవ్వి నవ్వి ఏడ్చింది. ఇక్కడ మనవాళ్ళు నవ్వినా చివరికి అక్కడికే చేరతారు.

ఇక్కడ వేడి. దోమలు. మొక్కజొన్న గింజ మన బొటనవేలంత ఉంటుంది. పొద్దున్నే సంత మలుపులో కూర్చుని ఉడికిన కంకులు, జున్ను అమ్ముతున్నాను. గట్టిగా అరిచి పిలవాలట. నాకు అరవడం చేతకాదంటే నమ్ముతావా? మైకు ఉంటే మెల్లగా మాట్లాడేదాన్ని. అదే అలవాటైపోయింది.

మీ బావకు దగ్గు ఇప్పుడు లేదు.

కాగితం విషయం. కమిటీ పుస్తకం వానలో తడిసింది. సీలు ఎక్కడ పెట్టానో తెలియదు. ఆ తుప్పుబండి కోసం సైన్యంతో తగవెందుకురా? టైర్లు లేవు, తలుపు తాడుతో కట్టి ఉంది. నలభై ఎనిమిదేళ్ళు వచ్చాయి నీకు. దిగి వచ్చెయ్. మా పక్కనే ఖాళీ స్థలముంది. దోమలకు నువ్వంటే ఇష్టం ఉండదు, నీ రక్తం పులుపు.

అక్క
హిలారియా


కంచాపాటా
12 ఫిబ్రవరి

అక్కా,

తుప్పుబండి అన్నావు. ఎవరో నీ చెయ్యి పట్టుకుని రాయించారనుకున్నాను. చెవిటమ్మ మీద మోచెయ్యి ఆనించినందుకు నువ్వు యూనియన్ అధ్యక్షుడి చెంప మీద కొట్టావు. నేను చూశాను. ఆయనా మర్చిపోలేదు.

ఇక్కడి విశేషాలు విను. కిందటి బుధవారం సైన్యం లాగుడు బండి మొదటిసారి బయలుదేరింది. దారి చీలిన చోట బోర్డు ఉందిగా, కంచాపాటా ఎడమకు అని. ఆ బోర్డుకు తిక్కపుట్టి తనంతట తానే కుడికి తిరిగింది. నా చేతికి మట్టి అంటుకోవడం వేరే సంగతి. వాళ్ళు నలభై కిలోమీటర్లు పోయి ఒక ముసలాయన లామాల దొడ్డిలో తేలారు. ముసలాయన చాలా సంతోషించాడట, ఏడాదిగా మనిషి మొహం చూడలేదని. వాళ్ళను కూర్చోబెట్టి తన ముగ్గురు భార్యల కథ చెప్పాడు. సాయంత్రానికి ఒక బస్తా ఎండుబంగాళాదుంపలతో తిరిగి వెళ్ళారు.

ఆడవాళ్ళు సమావేశం పెట్టుకున్నారు. ట్రక్కు ముందు పడుకుంటామని కసిమిరా అంది. పడుకుంటే దొర్లించేస్తారు, కూర్చుని వంట చేద్దాం, సలసలకాగే కుండ ముందు సైనికుడు కూడా ఆగుతాడని ఫెలీసా అంది. దోన్ తెయోదోసియో డైనమైట్ మాటెత్తాడు. ఆయన ప్రతి విషయానికీ డైనమైటే అంటాడు, పన్ను నొప్పికి కూడా.

వాళ్ళందరికీ నేను చెప్పిన ధైర్యం ఒకటే. హిలారియా కాగితం పంపుతుంది, సంతకంతో, అని. ముప్పై ఒక్క కుటుంబాలు నీ ముక్క కోసం చూస్తున్నాయి. పుస్తకం తడిస్తే తెల్లకాగితం మీద రాయి. సీలు పోతే బంగాళాదుంప కోసి అచ్చు వెయ్యి, మనం యాభై ఎనిమిదిలో వేసినట్టు. సంతకం మాత్రం నీది కావాలి.

నేను దిగి రాను. నా రక్తం పులుపైనా ఈ కొండకు అలవాటు.

సెవెరో


కొచబాంబా
20 ఫిబ్రవరి

సెవెరో,

సీలు దొరకలేదు. ఇంక అడగకు. ఎండుమిరపకాయలు పంపుతున్నాను, ఫెలీసాకు కొన్ని ఇవ్వు.

హి.


కంచాపాటా
5 మార్చి

శ్రీమతి హిలారియా గారికి,

మీరు క్షేమమని తలుస్తాను. మీరు పంపిన మిరపకాయలు అందాయి. ఘాటుగా ఉన్నాయి.

మొన్న కార్నివాల్ మంగళవారం ఉదయం పదింటికి సైన్యం వచ్చింది. లాగుడు బండి, నలుగురు సైనికులు, ఒక సబ్ లెఫ్టినెంటు. పేరు గ్రోవెర్ టికోనా. ఇరవై నాలుగేళ్ళుంటాయి. దారిలో బోర్డును నమ్మకుండా కుక్కను చూసి వచ్చానన్నాడు. శిబిరం కుక్కలన్నీ ఊరివైపే మొరుగుతాయి కాబట్టి దారి తెలిసిందట. తెలివైనవాడు.

కాగితం తీసి అందరి ముందూ చదవమన్నాడు. దోన్ తెయోదోసియో కళ్ళద్దాల మీద ఎర్రకోడి కూర్చుని ఒక అద్దం పగలగొట్టింది కాబట్టి చదవడం నా వంతు అయింది. పై ముక్కలు మామూలే. ఫలానా నంబరు, ఫలానా చట్టం. కింద, "సదరు వాహనము నిరుపయోగమనియు, దానిపై శిబిరమునకు ఎట్టి హక్కును లేదనియు రేడియో కమిటీ కార్యదర్శి ధ్రువీకరించినారు" అని ఉంది. దాని కింద సంతకం. 'హి'కి తోక చుట్టి, కింద రెండు గీతలు గీసి. ఆ రెండు గీతలు నేను పదేళ్ళ వయసు నుంచీ చూస్తున్నాను. సీలు కూడా ఉంది. దొరికిందన్నమాట.

పేరుతో సహా చదివాను. దోన్ తెయోదోసియో టోపీ తీశాడు. కసిమిరా అంది, "హిలారియా చేసిందంటే ఏదో కారణం ఉంటుంది." అంతే. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

తర్వాత ఏం జరిగిందో మీకు చెప్పాల్సిన అవసరం లేదు. కానీ చెప్పకుండా ఉండలేను, నా నోరు అలాంటిది.

మంగళవారం కదా. బండ్లకు రంగుకాగితాలు కట్టి, చక్రాలకు బీరు పోసి భూతల్లికి అర్పించే రోజు. బీరు పొయ్యకుండా ఆ రోజు బండి పనికి పెడితే ఏడాదంతా లోయలోకే చూస్తుందని లాగుడు బండి డ్రైవరే మొరపెట్టుకున్నాడు. అతనూ కొండ మనిషే. సబ్ లెఫ్టినెంటు సరేనన్నాడు. రెండు బండ్లకూ వరుసగా బీరు పోశాడు. చెవిటమ్మకు పొయ్యనని చెప్పడానికి మనసు రాలేదు. ఆ పిల్లాడి తల్లి సంతలో పాతబట్టలు అమ్ముతుందట. అలాంటి ఇంట్లో పెరిగినవాడు గ్లాసు కాదనడు.

అక్కడ పట్టుకున్నాం.

చెవిటమ్మ కదలక ఆరు నెలలైంది. చక్రాల చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగింది. కసిమిరా, ఫెలీసా తెల్లవారే ఆ గడ్డిని పాయలు పాయలుగా జడలల్లి, ఎర్రవి పచ్చవి రిబ్బన్లు కట్టి పెట్టారు, పుట్టువెంట్రుకలు తీయబోయే పిల్లకు కట్టినట్టే. నేను పళ్ళెంలో కత్తెర పెట్టుకుని వెళ్ళి, "సార్, మొదటి పాయ మీరే తియ్యాలి" అన్నాను.

ఇది బండి, దీనికి జుట్టేమిటి అన్నాడు.

"బీరు తాగుతుంది కదా సార్. మీరే పోశారు."

సైనికులు నవ్వారు. వాడికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే కత్తెర తీసుకుని ఒక జడ కత్తిరించాడు. చేతిలో గడ్డితో అలా నిలబడిపోయాడు. అప్పుడు ఎక్కింది తలకు. మొదటి పాయ తీసినవాడు జ్ఞానతండ్రి. ఇక శిబిరంలో ప్రతి మనిషికీ కొంపాద్రె, సొంత చుట్టం కింద లెక్క. ముసలివాళ్ళు వరుసపెట్టి వచ్చి వాటేసుకుని, కొంపాద్రె, కొంపాద్రె అంటూ నెత్తిన రంగుకాగితం ముక్కలు పోశారు. జ్ఞానతండ్రి ఖాళీ చేతులతో పోడు కదా. జేబులు తడుముకున్నాడు. ఒక ఈల, ఒక దువ్వెన. దువ్వెన ఇవ్వబోయాడు. పిల్లకు జుట్టు తీసేశాం కదా, దువ్వెన ఎందుకన్నాను. డ్రైవరు వాడి చెవిలో ఏదో చెప్పాడు. లాగుడు బండి వెనక కొత్త బ్యాటరీ ఉంది. అదిచ్చాడు, అక్కా. సైన్యం బ్యాటరీ, మైనం కాగితం కూడా విప్పనిది. ఫెలీసా దాన్ని బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది.

డ్రైవరు తాడు అందుకోబోతే కసిమిరా రెండు బండ్ల మధ్యా నిలబడింది. "కొంపాద్రె, పుట్టువెంట్రుకలు తీసిన రోజే పిల్లని తాడేసి ఈడ్చుకుపోతావా? మీ అమ్మకు ఏం చెబుతావు?"

వాడు చెవిటమ్మ మెట్టు మీద కూర్చున్నాడు. చున్యో దుంపలు, ఎండుమాంసం పెట్టాం. రెండో పళ్ళెం అడిగి తిన్నాడు. తిని లేచి, చేతులు కడుక్కుని, "గడ్డి విపరీతంగా పెరిగినందువల్ల వాహనాన్ని కదల్చలేకపోయాం" అని రాసుకున్నాడు. అబద్ధం కాదు.

వెళ్ళేముందు నన్ను పక్కకు పిలిచాడు. ఆజ్ఞ రద్దు కాలేదు, ఈస్టరు తర్వాత ఇంకొకణ్ణి పంపుతారు, వాడు గ్లాసు ముట్టకపోవచ్చు అన్నాడు. దారి ఒకటే ఉందట. సంతకం చేసిన మనిషి స్వయంగా వెళ్ళి, తాను రాసింది నిజం కాదని రాసిచ్చి, సంతకం వెనక్కి తీసుకోవాలి.

మిమ్మల్ని గారూ గీరూ అని మొదలుపెట్టాను. మధ్యలో ఎక్కడో జారిపోయింది. వెనక్కి వెళ్ళి దిద్దే ఓపిక లేదు. కారణం చెప్పు. లేదా చెప్పకు. సంతకం మాత్రం తీసెయ్.

సెవెరో


కొచబాంబా
16 మార్చి

సెవెరో,

నీ ఉత్తరం సంత మలుపులోనే చదివాను. కంకులు మాడిపోయాయి.

మీ బావ పోయాడు. నవంబరు ఏడున. దగ్గు ఇప్పుడు లేదని రాశాను. అది అబద్ధం కాదు, నీ సబ్ లెఫ్టినెంటు గడ్డి లాగా.

వరసగా చెబుతాను. మేం దిగినప్పుడు ఆయన పది అడుగులు నడిస్తే కూర్చునేవాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిందని, నెత్తిమీద కప్పు, పొడి నేల ఉండాలని డాక్టరు అన్నాడు. డేరాలో కింద నీళ్ళు ఊరేవి. స్థలాలు ఇచ్చే ఆఫీసు ముందు నాలుగు రోజులు వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి గుమస్తా జాబితా చూశాడు. శిబిరం ఆస్తి ఏదైనా తన పేరున ఉన్నవాళ్ళకు స్థలం రాదు, మీరు రేడియో కార్యదర్శి, ముందు ఆ బండి వదులుకున్నట్టు రాసివ్వండి అన్నాడు. నేను నీ పక్కన ఉన్నప్పుడు ఎవడైనా ఆ మాట అని ఉంటే ఏం చేసేదాన్నో నీకు తెలుసు. కానీ నా పక్కన లూకాస్ కూర్చున్నాడు, గోడకు ఆనుకుని. ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాడు. రాసిచ్చాను. సీలు రవికలోనే ఉంది. అక్టోబరు పద్నాలుగు.

ఇటుకలు తెచ్చుకునేలోపే పోయాడు. ఇరవై నాలుగు రోజులు. స్థలం మిగిలింది. అందులో పడుకోవాల్సిన మనిషి వేరేచోట పడుకున్నాడు. నీకెలా రాయను? బావ పోయాడని రాస్తే ఎక్కడ పోయాడు, ఎలా పోయాడని అడుగుతావు. అన్నిటికీ జవాబు ఆ సంతకం దగ్గరికే పోతుంది. చెవిటమ్మను దేనికి అమ్ముకున్నానో అది కూడా చేతిలో నిలవలేదని ఎలా చెప్పను? తుప్పుబండి అని రాశాను. రాస్తుంటే నా చెంప నేనే కొట్టుకున్నట్టుంది.

నువ్వు గారు అని మొదలుపెట్టినప్పుడు ఉత్తరం మడిచేద్దామనుకున్నాను. కానీ ఆ కింద కసిమిరా అన్న మాట చదివాను. నా పేరు విని కూడా వాళ్ళు తిట్టలేదు. ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. అయిదు నెలలుగా మనవాళ్ళు ఎవరైనా సంతలో ఎదురైతే బుట్ట వెనక తల దించుకున్నాను. ఇక్కడ దించుకుంటుంటే అక్కడ తెలిసీ ఊరుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళాను. అదే గుమస్తా. సంతకం వెనక్కి కావాలన్నాను. సంతకం అనేది అప్పిచ్చిన గిన్నె కాదమ్మా వెనక్కి తీసుకోవడానికి, అన్నాడు. స్థలం పోతుంది, తెలుసా అన్నాడు.

"పోనీ. నా చేత్తో పెట్టిన అబద్ధం నా చేత్తో కొట్టేస్తాను. కాగితం ఇస్తావా, వరసలో ఉన్నవాళ్ళందరికీ మైకు లేకుండా వినిపించమంటావా?"

వరసలో రెండువందల మంది గని మనుషులున్నారు. వెనక్కి తిరిగి ఒక్కసారి గొంతు సవరించుకున్నాను, అంతే. వాళ్ళలో ఒకడు, "ఆరింటి హిలారియా గొంతులా ఉందే" అన్నాడు. తల ఎత్తుకునే ఉన్నాను. గుమస్తా కాగితం తెచ్చాడు. "వాహనము వాడుకలో ఉన్నది. నేను అక్టోబరులో రాసినది నిజము కాదు" అని రాసి, రెండు గీతలూ గీసి, సీలు వేశాను. నకలు రెజిమెంటుకు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. గుమ్మం దగ్గర సైనికుడు ఎవరు కావాలన్నాడు. చెవిటమ్మ జ్ఞానతండ్రి కావాలన్నాను. వాడికి తెలుసు. ఆ కథ అక్కడ అందరికీ తెలుసట.

ఈస్టరు ముందు శనివారం లారీలో వస్తున్నాను. మూట చిన్నదే. బావ టోపీ, నాలుగు బట్టలు. ఉండటానికే వస్తున్నాను. ఆరింటికి అందరినీ చెవిటమ్మ దగ్గరికి రమ్మను. మైకులో మొదటి మాట నాదే. తెలిసీ నన్ను తిట్టనందుకు ముప్పై ఒక్క కుటుంబాలకూ పేరుపేరునా దణ్ణం పెట్టాలి. వరస తప్పకుండా పేర్లు రాసి ఉంచు, నీ తీర్మానం భాషలో వద్దు.

అక్క


కంచాపాటా
6 ఏప్రిల్

అక్కా,

ముందు బావ. ఉత్తరం అందిన రోజు గని నోటి దగ్గరికి వెళ్ళి కాస్త కోకా ఆకు, కాస్త సారా పెట్టి వచ్చాను. దోన్ తెయోదోసియో వచ్చి పక్కన కూర్చున్నాడు. డైనమైట్ మాట ఎత్తలేదు. కోడి కూర్చున్న కళ్ళద్దాలు ఒకటే తుడుచుకుంటూ ఉండిపోయాడు. పగిలిన వైపు అద్దం లేదు, ఉత్త ఫ్రేము తుడిచాడు. బావ నాకు పందెంలో ఎప్పుడూ ఓడిపోయేవాడు, కావాలని. నాకు తెలుసునని ఆయనకు తెలియదు.

ఇప్పుడు మంచి కబురు. శుక్రవారం సాయంత్రం కొత్త బ్యాటరీ మీద చెవిటమ్మ పలుకుతుంటే మధ్యలో ఒక గొంతు దూరింది. "కొంపాద్రె సెవెరో, పిల్ల ఎలా ఉంది?" అని. నీ కాగితం చేరిందట. వాడుకలో ఉన్న బండిని యజమాని లేనిదనకూడదట. ఆజ్ఞ రద్దు అయింది, ఫైలు మూసేశారు. పిల్లకు టైర్లు ఎప్పుడిస్తావని అడిగాను. లైను కట్ అయింది. జ్ఞానతండ్రులందరూ అంతే.

ఆడవాళ్ళు నీ ఇల్లు ఊడుస్తున్నారు. కిటికీకి ఫెలీసా కొత్త రేకు కొట్టింది. కరెంటు లేదు, బడికి పంతులు లేడు, వచ్చే చలికాలం ఎలా దాటుతామో ఎవరికీ తెలియదు. అయినా ఒక్కరూ మూట కట్టలేదు. దిగమని కంపెనీ మనిషి మళ్ళీ వచ్చాడు. తలుపు తట్టి రమ్మన్నాం, కోడికి చెప్పినట్టే.

అక్కా, ఇంక ఒక్కటుంది. రాయడానికి నాలుగు రోజులు పట్టింది. నువ్వు లారీ ఎక్కకముందే ఇది చేరాలని డ్రైవరుకు చేతిలో పెట్టి ఒట్టు వేయించుకుంటున్నాను. పేర్ల జాబితా రాశాను, వరస తప్పకుండా. కానీ మైకు ముందు నువ్వు ఆ దణ్ణం పెడితే ముప్పై ఒక్క కుటుంబాలూ తెల్లమొహం వేసి నా వైపు తిరుగుతాయి.

ఆ రోజు నీ పేరు చదవలేదు.

సంతకం దగ్గరికి వచ్చేసరికి ఆ రెండు గీతలు కనపడ్డాయి. ఎదురుగా కసిమిరా, ఫెలీసా, చంకలో పిల్ల, అందరూ హిలారియా కాగితం వస్తుందని నా మాట నమ్మినవాళ్ళే. నోటికి దొరికిన పేరు చదివాను. అనస్తాసియో వెరాస్తెగి. అలాంటివాడు ఈ భూమ్మీద ఉన్నాడో లేడో నాకు తెలియదు. సబ్ లెఫ్టినెంటు నా భుజం పక్కనే నిలబడ్డాడు. కాగితంలో ఏముందో వాడికి కంఠతా వచ్చు. నా వైపు చూశాడు. కాగితం వైపు చూశాడు. గొంతు సవరించుకుని, "అవును. వెరాస్తెగి" అన్నాడు. కత్తెర ఎవరి చేతిలో పెట్టాలో నాకు అప్పుడే తెలిసింది.

ఎవరూ తిట్టలేదని రాశాను కదా. అరగంట తిట్టారు, వెరాస్తెగిని. ఇప్పటికీ తిడుతున్నారు. కార్నివాల్ చివరి రోజు గడ్డిబొమ్మ చేసి తగలబెట్టారు. వాడు తనతో పాటు రెండో నంబరు సొరంగంలో పనిచేశాడని, బంగారు పన్ను ఉండేదని దోన్ తెయోదోసియో అంటున్నాడు. తన కుక్కను తన్నింది వాడేనని కసిమిరా అంటోంది. వాడికి ఇప్పుడు ఒక కుంటికాలు కూడా ఉంది. నేను పెట్టింది కాదు.

శనివారం ఏం చెప్పాలో నీ ఇష్టం. వెరాస్తెగిని అలాగే ఉంచుకుంటే ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టు. నిజం చెప్పాలనుకుంటే మైకు నీది, వాళ్ళ తిట్లు మనిద్దరికీ. నీ పక్కనే నిలబడతాను, తన్నులు నాకు కొత్త కాదు. ఏది చెప్పినా ఆరింటికే చెప్పు, తల దించకుండా చెప్పు. జనం నీ గొంతు కోసం వస్తారు.

కానీ ఒక్కటి తెలుసుకుని రా. దోన్ తెయోదోసియో టోపీ తీయలేదు. కసిమిరా ఆ మాట అనలేదు. హిలారియా చేసిందంటే ఏదో కారణం ఉంటుందని ఆ రోజు అనుకున్నది ఒక్క మనిషి, అదీ బయటికి అనలేదు. నీకు రాస్తూ నా పేరున రాయడానికి పొగరు అడ్డొచ్చి కసిమిరా నోట్లో పెట్టాను. కత్తెర దగ్గర్నుంచి మిగతాదంతా నిజం. ఆ మాట మాత్రం నాది.

నీ తమ్ముడు
సెవెరో